ఇజకాయలో గంజి

కిరండూల్ బస్టాండు ఎదురుగా ఉన్న షాపింగ్ కాంప్లెక్సులో, కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టుకూ సిమెంటు బస్తాల గోడౌనుకూ మధ్య, బస్తర్ ప్రాంతంలోనే మొట్టమొదటి ఇజకాయ ప్రారంభమైందని తెలియజేయడానికి మా తెలుగు సమితి ఎంతో గర్విస్తోంది. ఇజకాయ అంటే కాయ కాదు, కూరకు పనికిరాదు. జపాన్ దేశంలో ఆఫీసు అయిపోయాక ఉద్యోగులంతా ఒకచోట చేరి, చిన్న చిన్న గిన్నెల్లో ఏదో కొరుకుతూ, చిన్న చిన్న కప్పుల్లో ఏదో తాగుతూ, పెద్ద పెద్ద గొంతులతో మాట్లాడుకునే స్థలాన్ని ఇజకాయ అంటారు. ఇదే పని జరిగే స్థలాలకు మన దేశంలోనూ చాలా పేర్లున్నాయి గానీ, అవి ఇంట్లో చెప్పుకోదగ్గవి కావు.

జపానుకూ మాకూ చుట్టరికం పాతది. బైలదిల్ల కొండల్లో తవ్విన ఇనుపరాయి మా నాన్నల కాలం నుంచీ రైలెక్కి విశాఖపట్నం వెళ్ళి, అక్కడ ఓడెక్కి ఆ దేశం పోతోంది. అంటే మేము వాళ్ళకు కొండలు పంపాం. వాళ్ళు ఇంతవరకు మాకు గిన్నెడు పులుసు కూడా పంపలేదు. ఈ అన్యాయాన్ని సరిదిద్దే భారాన్ని చరిత్ర తెచ్చి చిన్నారావు నెత్తిన పెట్టింది. ఆ సమయానికి చిన్నారావు ఇడ్లీపిండి రుబ్బుతున్నాడు.

చిన్నారావుది పలాస పక్క పల్లె. పెళ్ళయిన కొత్తలో భార్య రమణమ్మను వెంటబెట్టుకుని కిరండూల్ పాసింజరు ఎక్కాడు. గనిలో ఉద్యోగం దొరుకుతుందన్నారు, దొరకలేదు. రమణమ్మకు దోసె వేయడం వచ్చు కాబట్టి బతికారు. కాంప్లెక్సులో ఒక గది దొరికితే 'రమణ టిఫిన్స్' అని బోర్డు పెట్టారు. డ్యూటీ దిగిన తెలుగువాడూ, డ్యూటీ ఎక్కబోయే తెలుగువాడూ అక్కడ ఆగకుండా పోడు. మొదటిసారి వేసిన చట్నీతో తృప్తిపడ్డ మనిషిని ఆ గది ఇంతవరకు చూడలేదు. రమణమ్మ విసుక్కుంటూనే మళ్ళీ వేస్తుంది.

అయితే ఆ గది వాళ్ళ సొంతం కాదు, గని కంపెనీది. కొన్నేళ్ళకోసారి కేటాయింపు మారుస్తారు. ఈసారి దాన్ని ఫోన్ల దుకాణానికి ఇచ్చేస్తున్నారని పుకారు పుట్టింది. కాయితం ఉమామహేశ్వరి గారి బల్ల మీద ఉంది. ఆవిడ సంతకం పెడితే గది ఉంటుంది, పెట్టకపోతే పోతుంది. పోతే రమణమ్మకు పెనం పెట్టుకోవడానికి కిరండూల్లో ఇంకో చోటు లేదు. అసలు విషయం ఇంతే. మిగిలినదంతా ఆ గది చుట్టూ మేము చేసిన ప్రదక్షిణాలు.

ఉమామహేశ్వరి గారు గని ఆఫీసులో మా అందరికీ పై అధికారిణి, సమితిలో మా అందరికీ అధ్యక్షురాలు. కిందటేడు శిక్షణ కోసం జపాన్ వెళ్ళి రెండు వారాలుండి వచ్చారు. వెళ్ళేటప్పుడు పులిహోర పొడి, కందిపొడి, మాగాయ, ఒక బుల్లి కుక్కరు పట్టుకెళ్ళారు. ఉన్నన్నాళ్ళూ హోటల్ గదిలోనే వండుకుని తిన్నారు. తిరిగొచ్చిన దగ్గర్నుంచి జపాన్ వంటల గురించి ఆవిడను మించి చెప్పగలవారు జిల్లాలో లేరు. పంపు రిపేరు మీద మీటింగు పెట్టినా, వినాయకచవితి చందాల మీద పెట్టినా "జపాన్లో ఇలా కాదు" అని మొదలుపెడతారు. మేము తలలూపుతాం. జపాన్ శిక్షణ వల్ల బాగుపడింది ఏదైనా ఉంటే అది మా మెడలే.

ఆ రోజుల్లోనే సమితి కార్యదర్శి గంగారత్నం గారు పెసరట్టు తింటూ చిన్నారావుకు మార్గం చూపించారు.

“చిన్నారావూ, మేడం గారి హృదయం జపాన్లో ఉంది. నీ గది కాయితం కిరండూల్లో ఉంది. ఈ రెండింటినీ కలపగలిగేది సంస్కృతి ఒక్కటే. నువ్వొక ఇజకాయ పెట్టు. ప్రారంభోత్సవానికి మేడం గారిని పిలు. సంతకం దానంతటదే పడుతుంది.”

ఇంత చెప్పి ఆయన అల్లం చట్నీ మళ్ళీ వేయించుకున్నారు.

“ఏటండీ ఈ బాగోతం? దోసెలు ఎవులికి సేదయ్యాయని?” అంది రమణమ్మ.

“గది ఉండాలా, వద్దా?” అన్నాడు చిన్నారావు.

రమణమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

అదృష్టం ఏమిటంటే వాళ్ళబ్బాయి వికాస్ విశాఖపట్నంలో ఒక జపాన్ హోటల్లో కొన్నాళ్ళు పనిచేసి వచ్చాడు. గిన్నెలు కడిగే విభాగం. ఏ గిన్నెలో ఏం మిగిలిపోతుందో అతను కళ్ళారా చూశాడు. ఆ దేశపు వంటల మీద ఇంత లోతైన పరిశోధన చేసినవాడు మాలో మరొకడు లేడు కనుక, పెత్తనం అంతా అతనికే అప్పగించాం.

జపాన్లో నేల మీద కూర్చుంటారని చెప్పి వికాస్ బల్లల కాళ్ళు కోయించాడు. కోసిన కాళ్ళు పొయ్యిలోకి పోయాయి. రమణమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. గుమ్మానికి సగం వరకు వేలాడే తెర ఉండాలన్నాడు. ఆమె నేత చీర ఒకటి చించి కట్టారు. లోపలికి వచ్చేవాడు నడుం వంచి రావాలట, అది మర్యాదట. పై అధికారుల ముందు వంగి వంగి మా నడుములు ఎప్పుడో అలవాటుపడ్డాయి గనుక మాకేమీ కష్టం అనిపించలేదు. బయట ఎర్ర కాయితపు లాంతర్లు కట్టాలన్నాడు. జగదల్‌పూర్ అంతా వెతికితే తెల్లవి దొరికాయి. అవే కట్టాం. మా ఊరి ఇనుపరాయి దుమ్ము సంగతి మీకు తెలిసిందే, వారం తిరక్కుండా ఎర్రబడ్డాయి.

వంటకాల విషయంలో సమితి ప్రత్యేక సమావేశం జరిపింది. మిరపకాయ బజ్జీని ఇకమీదట టెంపురా అనాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఉలవచారు మిసో అయింది. కోడిమాంసం ముక్కలను వెదురుపుల్లలకు గుచ్చి కాల్చారు, దానికి ఒక పేరు ఉంది గానీ చిన్నారావు నోరు తిరగక 'పుల్లకోడి' దగ్గర ఆగిపోయాడు. ఇడ్లీకి పేరు మార్చడానికి మాత్రం ఎవరికీ మనసొప్పలేదు. నాలుగు ముక్కలు చేసి, ముక్కకొక పుల్ల గుచ్చి, ఏమీ మాట్లాడకుండా వడ్డించాలని నిర్ణయించాం.

ఇక మిగిలింది తాగేది. అక్కడ సాకే అని బియ్యంతో చేసిన మద్యాన్ని గోరువెచ్చగా పోస్తారు. అది కిరండూల్లో దొరకదు. దొరికినా అమ్మడానికి చిన్నారావుకు లైసెన్సు లేదు. వికాస్ సంతకు వెళ్ళి పొజ్జే ముందు నిలబడ్డాడు. పొజ్జే బియ్యం పులియబెట్టి చేసిన లందా అమ్ముతుంది. ఆకు దొన్నెల్లో పోస్తుంది. తాగేవాళ్ళు ఆమె చుట్టూ నేల మీద కూర్చుని, ఏదో కొరుకుతూ, పెద్ద గొంతులతో మాట్లాడుకుంటారు. ఇందులో జపానుతో పోలిక ఏదీ మా సమితికి కనిపించలేదు.

“పొజ్జే అక్కా, దీన్ని కాస్త వెచ్చబెట్టి పోస్తే ఎలా ఉంటుంది?” అని అడిగాడు వికాస్.

“లందా వెచ్చబెట్టుడేంది? పిచ్చిగాని లేసిందా?” అంది పొజ్జే. “జరుగు, జరుగు. గిరాకీ వస్తాంది, అడ్డం నిలబడకు.”

ఈ సంగతి తెలిసి గంగారత్నం గారికి ఎక్కడ లేని కోపం వచ్చింది. “సంతలో కూర్చుని తాగితే దురలవాటు. కప్పులో పోసుకుని తాగితే సంస్కృతి. ఈ రెండింటినీ కలిపినవాణ్ణి సమితి క్షమించదు” అని ప్రకటించారు. ఆయన సంత రోజున నల్ల కవరు మడిచి జేబులో పెట్టుకుని ఎటు వెళతారో మాకు తెలియదు. తెలిసినా ఇక్కడ రాయం.

చేసేది లేక వికాస్ ఇంటికొచ్చి కూలబడ్డాడు. వాళ్ళమ్మ అన్నం వారుస్తోంది. గిన్నెలోకి జారుతున్న గంజి వైపు అతను కాసేపు చూశాడు. సాకే బియ్యం నుంచి పుట్టాలి, ఇదీ పుట్టింది. గోరువెచ్చగా ఉండాలి, ఉంది. చిన్న కప్పులో పోస్తే చూడ్డానికి బాగుండాలి, బాగానే ఉంటుంది. మత్తు ఒక్కటే తక్కువ. అది తాగేవాళ్ళు తెచ్చుకుంటారులే అనుకున్నాడు. ఆ అబ్బాయికి చదువు అబ్బలేదని ఎవరన్నారో గానీ, మా స్వభావం మాత్రం క్షుణ్ణంగా చదివాడు.

ప్రారంభోత్సవం రోజు సాయంత్రం అందరం వంగి లోపలికి వచ్చి, కాళ్ళు లేని బల్లల ముందు మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ కూర్చున్నాం. లోపలికి వచ్చే ప్రతివారినీ జపాన్ భాషలో గట్టిగా అరిచి ఆహ్వానించాలి. చిన్నారావు ఆ మాట నేర్చుకోలేక “దయచెయ్యండి! దయచెయ్యండి!” అని అంతే గట్టిగా అరిచాడు. పక్క కొట్టువాడు ఏదో గొడవ జరుగుతోందనుకుని షట్టరు దించేశాడు.

ఉమామహేశ్వరి గారు ప్రసంగించారు.

“మిత్రులారా, ఇజకాయకు రెండు నియమాలున్నాయి. మొదటిది, ఎవరి కప్పు వారు నింపుకోకూడదు. చిన్నవారు పెద్దవారికి పోయాలి. రెండోది, తాగినవారికి హోదా అడ్డు లేదు. తాగిన మనిషి పై అధికారితో ఏమైనా అనవచ్చు. తెల్లవారేసరికి ఆ మాట ఎవరికీ గుర్తుండదు, ఎవరి మీదా చర్య ఉండదు. జపాన్ ఇలాగే పైకొచ్చింది. మనం కూడా ఇలాగే పైకి రావాలి.”

చప్పట్లు కొట్టాం. ఆవిడ మొదటి గుక్క తాగి, కళ్ళు మూసుకుని, “ఆహా, అచ్చం అదే రుచి!” అన్నారు. ఆ మాటతో మాలో ఎవరికైనా ఏమైనా అనుమానం ఉంటే తీరిపోయింది. ఇది గంజిలా ఉందేమిటని ఒక్కడైనా అడిగితే ఒట్టు. అడిగితే తనకు జపాన్ తెలియదని ఒప్పుకున్నట్టేగా.

గ్రేడుల ప్రకారం కూర్చున్నాం కాబట్టి, నియమం ప్రకారం కెటిల్లోని గంజి కిందినుంచి పైకి ప్రవహించింది. నా కిందివాడు నాకు పోశాడు. నేను నా పైవారికి పోశాను. గంగారత్నం గారు మేడం గారికి పోశారు. అందరికన్నా కింద, గుమ్మం దగ్గర, సుమన్ కూర్చున్నాడు. దోర్నపాల్ మనిషి, లారీల తూకం దగ్గర పని, పెళ్ళాం పిల్లలు ఊళ్ళో ఉంటారు. మూడు పూటలా రమణమ్మ చేతి తిండే తింటాడు, ఆమెను అత్తా అంటాడు. అతనికి పోయడానికి అతని కింద ఎవరూ లేరు. ఖాళీ కప్పునే అందరితోపాటు పైకెత్తి, అందరితోపాటు దించాడు. నేను చూశాను. నాకు జాలేసింది. వేసి ఊరుకుంది.

రెండో కప్పుకు గంగారత్నం గారి కళ్ళు ఎర్రబడ్డాయి. మూడో కప్పుకు నాలుక మడతపడింది. “మేడం, మీరు జపాన్ వెళ్ళొచ్చాక మాకు ఆ దేశం మీద పగ పుట్టింది. పటంలో కనబడితే పేజీ తిప్పేస్తున్నాం” అన్నారు. మేడం పగలబడి నవ్వారు. స్టోర్సులో పనిచేసే ఒకాయన లేచి, తాను మీటింగుల్లో ఏళ్ళ తరబడి దించుకుంటున్నది మేడం గారి మాటలు కాదనీ, మేడం గారి బొమ్మేననీ, ఇప్పుడు ముక్కు బాగా కుదిరిందనీ చెప్పి ఏడ్చాడు. ఇంకొకాయన తన ప్రమోషను ఎలా వచ్చిందో చెప్పబోతే పక్కవాళ్ళు నోరు మూశారు. చివరికి మేడం గారు కూడా కప్పు పట్టుకుని, “నాకు మీలో ఒక్కరి పేరు కూడా తెలియదు. అందుకే అందరినీ 'ఏమండీ' అంటాను. మీ ఫైళ్ళు చదవను, సంతకం పెట్టేస్తాను” అన్నారు. మేము ఆనందంతో ఒకళ్ళ మీద ఒకళ్ళం పడ్డాం.

అందరూ చెబుతున్నారు కదా అని సుమన్ కూడా లేచాడు.

“మేడం, నాది సిన్న ముచ్చట. కాయితాలల్ల నన్ను ఆడమనిషని రాసిండ్రు. నౌకరీల చేరినకాడికెళ్ళి గట్లనే ఉంది. మహిళా దినం వస్తే చాలు, నాకు చీర ఇస్తుండ్రు. పోయినేడు ముగ్గుల పోటీల నా పేరు పిలిసిండ్రు. మార్చమని దరఖాస్తు పెడితే మీరు సంతకం పెట్టి మళ్ళ చీరనే పంపిండ్రు. ఏంది మేడం ఇది? సంతకం పెట్టేటప్పుడు జర సదవండి.”

దానికీ నవ్వాం. ఆ సాయంత్రం మా టౌన్‌షిప్‌లో అంత నిజం మాట్లాడాక కూడా కప్పులు పగలకపోవడం చూసి, జపాన్ ఎందుకు పైకొచ్చిందో మాకు అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే గంగారత్నం గారు తలకు తువ్వాలు బిగించి కట్టుకుని వచ్చారు.

“నిమ్మకాయ నీళ్ళు ఇయ్యి రమణమ్మా. రాత్రి ఎక్కువైపోయింది. తల బద్దలవుతోంది. మహా ఘాటు సరుకు.”

“గంజి తాగితే తలనొప్పేటి బాబూ?” అంది రమణమ్మ. “సిటికెడు ఉప్పేసి మరీ ఇచ్చాను.”

గంగారత్నం గారు నిమ్మకాయ నీళ్ళు తాగలేదు. తువ్వాలు విప్పి మడిచి భుజాన వేసుకున్నారు. తలనొప్పి అక్కడికక్కడే పోయింది. దాని బదులు ఆయన గుండెల్లో రాయి పడింది.

ఇక్కడ పాఠకులు కాస్త నింపాదిగా ఆలోచించాలి. మేము తాగి ఉంటే, ఏమన్నా అన్నట్టు కాదు. తాగి ఉండకపోతే, ఇంతమంది పెద్దమనుషులం పూర్తి స్పృహలో, కడుపులో ఒట్టి గంజి పెట్టుకుని, పై అధికారిణి మొహం మీద నిజం చెప్పినట్టు. ఇంతటి ఘోరం మా ఊరి చరిత్రలో ఎన్నడూ జరగలేదు. మధ్యాహ్నానికి టౌన్‌షిప్ అంతా గగ్గోలు. ఇన్నేళ్ళూ “తాగలేదే, నీ మీద ఒట్టు” అని పెళ్ళాల నెత్తిన చెయ్యి పెట్టిన మగవాళ్ళు, ఆ రోజు అదే చెయ్యి పెట్టి “తాగానే, నీ మీద ఒట్టు” అన్నారు. స్టోర్సు ఆయన దారిలో రెండుసార్లు కాలువలో పడ్డానని చెప్పి, నమ్మరేమోనని మూడోసారి అందరి ఎదుటా పడి చూపించాడు.

ఉమామహేశ్వరి గారి ఇరకాటం వేరు. మగవాడు తాగానంటే నవ్వి వదిలేస్తారు. ఆడమనిషి, అందులోనూ అధికారిణి, తాగానంటే వదలరు. తాగలేదంటే, ఫైళ్ళు చదవనన్న మాట నిలబడిపోతుంది. బాగా ఆలోచించి, తాను పెదవులు మాత్రమే తడిపాననీ, ఆ తడికే మత్తెక్కిందనీ ఆవిడ రాసిచ్చారు.

నిజానిజాలు తేల్చడానికి గంగారత్నం గారి అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. ఆ రాత్రి మాట్లాడినవాళ్ళందరినీ అందులో సభ్యులుగా వేశారు. ఎవరేమన్నారో వాళ్ళకే కదా బాగా తెలుసు. మొదటి రోజు అందరం తాగామని బయాన్ ఇచ్చాం. సుమన్ ఒక్కడే, అడగ్గానే, “నాకెవ్వరు పొయ్యలే సార్. కప్పు ఖాళీగనే ఉండే” అన్నాడు. సంఘం ఊపిరి పీల్చుకుంది. నేరస్థుడు దొరికాడు. తాగకుండా నిజం చెప్పినవాడు ఒక్కడే తేలాడు గనుక, అతన్ని కొండ మీద ఫోను కూడా అందని కాపలా చోటుకు మార్చాలని ప్రాథమికంగా అనుకున్నాం. ఊరికి పోయిరావడానికి సెలవులు కూడా దొరకని చోటు అది.

అడ్డం ఒక్క రమణమ్మే. కెటిల్లో ఏముందో చెప్పాల్సింది ఆమె. గంగారత్నం గారు గది కాయితం చేత్తో పట్టుకుని స్వయంగా వెళ్ళారు. నేను తోడు వెళ్ళాను.

“రేపు నువ్వు ఒక్క మాట చెప్పాలి రమణమ్మా. పోసింది సాకే. చెప్పావా, సాయంత్రానికి దీనిమీద సంతకం పడుతుంది. గంజి అన్నావా, ఫోన్ల దుకాణంవాడు తాళంకప్ప కొనుక్కుని కూర్చున్నాడు.”

“సారా అమ్మానని పోలీసులొస్తేనో?”

“అది మన మధ్యే ఉంటుంది. చట్టం వేరు, సంస్కృతి వేరు.”

“మరి సుమనో?”

“కొండ గాలి ఒంటికి మంచిది” అన్నారు గంగారత్నం గారు.

ఆయన బయటికి వెళ్ళగానే చిన్నారావు నోరు తెరిచాడు. “గది ఉండాలా...” అనేలోపే రమణమ్మ అట్లకాడ తీసింది.

“ఎన్నాళ్ళండీ గది, గది? గది కోసమని బల్లల కాళ్ళు కోశారు, ఊరుకున్నాను. నా సీర సింపేరు, ఊరుకున్నాను. ఇప్పుడు ఆ పిల్లల తండ్రి పీక కొయ్యమంటన్నారు. నాను మడిసినా, మాసిన గుడ్డనా?”

అని ఏడ్చింది. చిన్నారావు తలవంచుకుని పిండి రుబ్బుకున్నాడు. నేను వంగి తెర కిందనుంచి బయటికి వచ్చేశాను.

విచారణ మా తెలుగు సమితి హాల్లో జరిగింది. సాక్ష్యంగా అదే కెటిల్లో అదే సరుకు తీసుకురమ్మని రమణమ్మకు చెప్పాం. తెచ్చింది. ఉమామహేశ్వరి గారు ఎత్తు కుర్చీలో కూర్చున్నారు. సుమన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“ఆ రాత్రి ఇందులో ఏముంది?” అన్నారు గంగారత్నం గారు.

రమణమ్మ మేడం గారి బల్ల మీద ఉన్న గది కాయితం వైపు ఒకసారి చూసింది.

“గంజి బాబూ. అన్నం వార్చిన గంజి. అందరికీ అదే పోశాం.”

హాల్లో ఒకాయన అప్పటికే జేబులోంచి మాత్ర తీసి మింగాడు. కానీ గంగారత్నం గారు ఊరికే కార్యదర్శి కాలేదు.

“పోసే ముందు నువ్వు రుచి చూశావా?”

“ఉప్పు సూడకుండా పోస్తానేటి? ఒక గుక్క సూశాను.”

“ఇవాళ?”

“ఇవాళా సూశాను.”

“సభ్యులు గమనించాలి!” అని గంగారత్నం గారు లేచారు. “సాక్షి సదరు పానీయాన్ని సేవించి వచ్చినట్టు స్వయంగా ఒప్పుకుంది. మత్తులో ఉన్న మనిషి గంజి అంటే గంజి అయిపోదు. ఈ సాక్ష్యం చెల్లదు.”

హాలు చప్పట్లతో మారుమోగింది. ఇంత న్యాయం ఒక్క మనిషి బుర్రలో ఎలా పట్టిందా అని నేను ఆశ్చర్యపోయాను. రమణమ్మ చప్పట్లు ఆగేదాకా నిలబడింది.

“అయితే బాబూ, నాను తాగున్నానంటారా?”

“నిస్సందేహంగా.”

“తాగినోలు ఏటన్నా సరే, సర్య ఉండదని మేడం గారే గదేటి సెప్పారు?”

గంగారత్నం గారి గొంతు కాస్త తగ్గింది. “చెప్పారు.”

“అయితే ఇనండి మేడం. మీరు పులిహోర తినొచ్చి జపానూ జపానూ అంటే, నా బల్లలకి కాళ్ళు పోయాయి. ఆ గదిలో నా సేతులు కాలాయి, నా నడుం పోయింది. అది నాది. సంతకం ఎట్టండి.”

తర్వాత కప్పు నిండా గంజి పోసి, గోడ దగ్గరికి నడిచి, సుమన్ చేతికి ఇచ్చింది. పెద్దవారు చిన్నవారికి పోయడం నియమాలకు విరుద్ధమని వెనక ఎవరో గొణిగారు. రమణమ్మ అటు తిరిగింది. గొణుగుడు ఆగిపోయింది.

“నీకెవులూ పొయ్యలేదన్నావు గదా నాయనా. తాగు. తాగి, మొన్న సెప్పిందే మళ్ళీ సెప్పు.”

సుమన్ గటగటా తాగాడు. మూతి తుడుచుకున్నాడు. “నేను మొగోణ్ణి మేడం. నాకు చీరలు ఇయ్యకుండ్రి” అన్నాడు.

ఇప్పుడు సంఘం చిక్కుల్లో పడింది. రమణమ్మ తాగింది, సుమన్ తాగాడు. ఇద్దరి మీదా చర్య తీసుకోకూడదు. గది తీసేస్తే చర్య తీసుకున్నట్టే. ఒక్కరి మీద తీసుకున్నా ఇజకాయ నియమం చెల్లనట్టే. నియమం చెల్లకపోతే మేమందరం అన్న మాటలు, మేడం గారు అన్న మాటలు, ఒక్కటొక్కటిగా లేచి కూర్చుంటాయి. ఉమామహేశ్వరి గారు మా ముఖాలు చూశారు. మేము ఆవిడ ముఖం చూశాం. ఆవిడ కలం తీసి గది కాయితం మీద సంతకం పెట్టేశారు, ఎప్పటిలాగే చదవకుండా. సుమన్ బదిలీ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

రమణమ్మ కాయితం మడిచి జాకెట్లో దోపుకుని, కెటిల్ తీసుకుని, దోసెల వేళ దాటిపోతోందని వెళ్ళిపోయింది. ఆ నడక చూసి నాకు ఎందుకో చెప్పలేనంత సంతోషం వేసింది. వారంలో బల్లలకు కాళ్ళు వచ్చాయి. లాంతర్లు దించి 'రమణ టిఫిన్స్' బోర్డు మళ్ళీ ఎక్కించారు.

ఇజకాయ పోయింది గానీ, గంజి నిలిచిపోయింది. ఇప్పుడు మా టౌన్‌షిప్‌లో పైవారితో నిజం మాట్లాడదలచినవాడు ముందు రమణమ్మ దగ్గర ఒక కప్పు గంజి తాగి వెళుతున్నాడు. కోడళ్ళు అత్తలతో మాట్లాడే ముందు గ్లాసుతో పట్టుకెళుతున్నారు. మీటింగు రోజుల్లో బక్కెట్టుతో పంపుతున్నాం. మాలాగా ఇంత స్వేచ్ఛగా నిజాలు మాట్లాడుకునే ఊరు దేశంలో మరొకటి ఉండదని నా నమ్మకం. పైవారు విని హాయిగా నవ్వుతారు, చర్య ఉండదు. తెల్లవారేసరికి ఎవరికీ గుర్తుండదు, కనుక ఏదీ మారదు కూడా. సుమన్ నెలకోసారి వెళ్ళి మేడం గారితో తాను మగవాణ్ణని చెప్పివస్తాడు. ఆవిడ ప్రతిసారీ మనసారా నవ్వుతారు. మార్చిలో అతనికి చీర అందింది, ఈసారి జాకెట్టు ముక్కతో సహా.

చదువుతున్నవారు కూడా నవ్వుతున్నారని మాకు తెలుసు. గంజి తాగి తూలిన పెద్దమనుషులు కదా, నవ్వాల్సిందే. నవ్వడం అయ్యాక ఒక్క విషయం గుర్తు చేసుకోండి. నిన్న ఆఫీసులో, మీ పై అధికారి ఎదుట, గంజి చుక్కయినా తాగకుండా మీరు “చాలా బాగుంది సార్” అన్నారు. అది ఏ మత్తులో అన్నారు?